బటన్ నొక్కితే కారు వస్తదా?



పోయిన సంచికలో పదో తరగతి అక్క ఒకరు "యంత్రయుగం" అనే వ్యాసం రాసినారు. అక్షరాలు ముత్యాల్లాగ ఉన్నాయి. వ్యాసం కూడా మంచిగనే ఉంది. కానీ అందులో ఒక్క చోట నాకు కాలికి ముల్లు గుచ్చుకున్నట్టయింది. "ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చినవి. బటన్ నొక్కిన చాలు, కారు కూడా తయారై బయటికి వచ్చును. ఇక వడ్రంగులు, కమ్మరులు, పోత పోసేవారు అవసరం లేదు" అని రాసినారు. దాని పక్కన ఎవరో పెన్సిల్‌తో "కరెక్ట్" అని కూడా పెట్టిండ్రు. కరెక్ట్ కాదు అని నేను రాస్తున్నాను. అక్క కోపం తెచ్చుకోవద్దు. రాత్రి అన్నం దగ్గర ఎప్పటిలెక్కనే నా పక్కన కూర్చోవాలి.

అక్క చెప్పిన కారు ఏదో మనందరికీ తెలుసు. సైన్స్ టీచర్ కంప్యూటర్ గదిలో చూపించినారు కదా, వెండి రంగు కారు, జేమ్స్ బాండ్ కారు, అదే. ఆ రోజు కరెంటు పోయింది కాబట్టి సగమే చూసినాము. మిగిలిన సగం నేను టీచర్‌ను అడిగి అడిగి తెలుసుకున్నాను. ఆ మిగిలిన సగంలోనే అసలు సంగతి ఉన్నది.

ఆ కారు పేరు ఆస్టన్ మార్టిన్ డీబీ5. ఇంగ్లండు దేశపు కారు. 1963 నుంచి 1965 వరకు తయారు చేసినారు. మొత్తం మీద వెయ్యికి కొంచెం ఎక్కువ కార్లు, అంతే. 1964లో వచ్చిన "గోల్డ్‌ఫింగర్" సినిమాలో జేమ్స్ బాండ్ దాన్ని నడిపినాడు, అప్పటినుంచి ప్రపంచమంతా దానికి పేరు వచ్చింది. 2012లో "స్కైఫాల్" అనే బాండ్ సినిమా వచ్చింది. అందులో స్కాట్లాండ్‌లో ఒక పాత ఇంటి ముందర ఆ కారు తూటాలు తిని, భగ్గున పేలిపోతుంది. (ఆ ఇల్లు కూడా నిజం ఇల్లు కాదు. ఇంగ్లండులో సర్రే అనే ప్రాంతంలో హాంక్లీ కామన్ మైదానంలో వేసిన సెట్టింగు. స్కాట్లాండే కాదు!)

యాభై ఏండ్ల కిందటి కారును ఎవరు పేలుస్తారు? మన ఊర్లో నూరేండ్ల ఇప్ప చెట్టును ఫొటో కోసం నరుకుతామా? కావున వాళ్లు మోడల్ చేయాలి అనుకున్నారు. లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో ఉన్న ప్రాప్‌షాప్ మోడల్‌మేకర్స్ అనే వాళ్లు ఆ పని తీసుకున్నారు. ముక్కలు ప్రింట్ చేసే పనిని జర్మనీలో ఆగ్స్‌బర్గ్ పట్టణం దగ్గర ఉన్న వోక్సెల్‌జెట్ కంపెనీకి ఇచ్చినారు. అసలు కారులో మూడో వంతు కొలతతో మూడు కార్లు.

ఈ మూడో వంతు అనే మాటను మనం తేలికగా తీసుకుంటాము. అసలు కారు పొడవు 4.57 మీటర్లు. మూడో వంతు అంటే 1.52 మీటర్లు. అంటే కారును నిలబెడితే నా అంత ఎత్తు ఉంటది. నేను పోయిన నెల హెల్త్ చెకప్‌లో 152 సెంటీమీటర్లే ఉన్నాను. బొమ్మ అంటే అరచేతిలో పట్టేది అనుకున్న చెల్లెళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. పొడవు మూడో వంతు అయితే పైన రంగు వేసే వైశాల్యం తొమ్మిదో వంతు, లోపల పట్టే ఘనపరిమాణం ఇరవై ఏడో వంతు అవుతుంది. మన లెక్కల పుస్తకంలో ఘనం, దీర్ఘఘనం పాఠం చదివినప్పుడు ఇది దేనికి పనికొస్తదో అనుకునేదాన్ని. దీనికి పనికొస్తది.

కొలత తగ్గించి చేయుట కంప్యూటర్‌తో పుట్టిన విద్య అని మాత్రం అనుకోవద్దు. మా తాత బడి మెట్లు ఎక్కలేదు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. నా చిన్నప్పుడు తాత నాకు కట్టెతో ఎడ్లబండి చేసిచ్చిండు. పెద్ద బండిలో మూర ఉన్న ప్రతి చోట బెత్తెడు పెట్టిండు. మూరకు ఆరు బెత్తెలు. అంటే 1:6 స్కేలు. చక్రం, ఇరుసు, కాడి, అన్నీ అదే లెక్క. అందుకే ఆ బండి చిన్నగున్నా బండి లెక్కనే కనబడేది. సంతలో దొరికే ప్లాస్టిక్ బండికి చక్రాలు పెద్దగ, కాడి పొట్టిగ ఉంటది, అది మన కంటికి ఎందుకో నచ్చదు. కారణం ఇదే.

ఇప్పుడు రెండో ప్రశ్న. పేల్చేటందుకు ఇంత పెద్ద బొమ్మ ఎందుకు? చిన్నది చేస్తే ఖర్చు తక్కువ కదా అని మా తరగతిలోనే ఒకరు అడిగినారు. "పైసలు ఎక్కువైనోళ్ల ఆట" అని నవ్వినారు. నేను ఆలోచించాను. జవాబు మన తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠంలోనే ఉంది.

పేలినప్పుడు కారు తలుపు ఎగిరి మూడు మీటర్ల ఎత్తు నుంచి కింద పడింది అనుకుందాం. దానికి 0.78 సెకన్లు పడుతుంది. మూడో వంతు మోడల్‌లో ఆ ఎత్తు ఒక మీటరు. పడడానికి 0.45 సెకన్లే. అంటే చిన్న కారు ముక్కలు నిజం కారు ముక్కల కంటే తొందరగా కింద పడతాయి. మనకు సూత్రం తెలియకపోయినా కన్నుకు తెలుస్తుంది, "ఇది బొమ్మ" అని. భూమి మాత్రం మోడల్ కదా అని తన ఆకర్షణను మూడో వంతు చేయదు! అందుకని సినిమావాళ్లు ఇలాంటి మోడళ్లను కెమెరాను వేగంగా తిప్పి తీసి, మెల్లగా చూపిస్తారు. మూడు యొక్క వర్గమూలం 1.73. సెకనుకు 24 బొమ్మలు చూపించేచోట దాదాపు 42 బొమ్మలు తీస్తే సరిపోతుంది. అదే సంతలో అమ్మే, పద్దెనిమిదో వంతు కారును పేలిస్తే? తలుపు 17 సెంటీమీటర్ల నుంచి పడాలి. సెకనులో ఐదో వంతు కూడా పట్టదు. పైగా మంట, పొగ, నీళ్లు మనం చెప్పినట్టు చిన్నవి కావు. అగ్గి నాలుక ఎంతుంటదో అంతే ఉంటది. చిన్న కారుకు పెద్ద మంట పెడితే పొయ్యిలో పడ్డ బొమ్మ లెక్క కనబడుతుంది. కాబట్టి ఎంత పెద్ద మోడల్ అయితే అంత నిజం. ఇది పైసలు ఎక్కువై చేసినది కాదు, లెక్క చూసి చేసినది.

ఇక అక్క రాసిన బటన్ సంగతికి వస్తాను.

ఆ ప్రింటర్ మన ల్యాబ్‌లో ఉన్నటువంటిది కాదు. దాని పేరు వీఎక్స్4000. ఎనిమిది ఘనమీటర్ల వరకు వస్తువు అందులో చేయవచ్చును. అంటే మన వంటగదిలోని పెద్ద బియ్యం పెట్టెలు ఎన్నో పడతాయి. మన ప్రింటర్ ప్లాస్టిక్ తీగను కరిగించి పోస్తుంది. అది అట్లా కాదు. సన్నని ప్లాస్టిక్ పొడిని ముగ్గుపిండి లెక్క ఒక పొర పరుస్తుంది. ఒక్కో పొర 0.15 మిల్లీమీటర్లు. తర్వాత ప్రింటు తల వచ్చి, ఎక్కడ కారు ఉండాలో అక్కడ మాత్రమే జిగురు చల్లుతుంది. మళ్ళీ పొర, మళ్ళీ జిగురు. ఒక చేతి వెడల్పు ఎత్తు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు పెరగాలంటే ఐదు వందల పొరలు కావాలి. అయిపోయిన తర్వాత జిగురు తగలని పొడిని దులిపి, మట్టిలోనుంచి పల్లికాయ తీసినట్టు ముక్కను బయటికి తీస్తారు. చుట్టూ ఉన్న పొడే ముక్కకు ఆసరా అన్నమాట. నాకు ఇది చాలా నచ్చింది.

ఇంత పెద్ద మిషన్ కదా, మూడో వంతు కారును ఒకే ముక్కగా తీయవచ్చు. వోక్సెల్‌జెట్ వాళ్లు కూడా అది సాధ్యమే అన్నారు. మరి తీసినారా? తీయలేదు. ప్రాప్‌షాప్ వాళ్లు వద్దన్నారు. ఒక్కో కారును 18 ముక్కలుగా చేయించినారు. మూడు కార్లకు 54 ముక్కలు. ఎందుకంటే సినిమాలో తలుపు తలుపులాగ తెరుచుకోవాలి, బానెట్ బానెట్‌లాగ లేవాలి. లోపల ఉక్కు చట్రం పెట్టి, దాని మీద ఈ ముక్కలను బిగించినారు. పాతకాలంలో అసలు కార్లను కట్టినట్టే. అంటే బటన్ నొక్కి ఒకేసారి తీసే అవకాశం ఉండి కూడా, పని తెలిసిన మనుషులు "వద్దు, ముక్కలు ఇవ్వు, మేం కడతాం" అన్నారు. అక్కా, ఈ ఒక్క మాట కోసమే నేను ఇంత పొడుగు వ్యాసం రాస్తున్నాను.

ఆ 54 ముక్కలు ఇంగ్లండు చేరిన తర్వాత అసలు పని మొదలైంది. ప్రింటర్ నుంచి వచ్చిన ముక్క తెల్లగా, గరుకుగా, ఉప్పుగడ్డ లెక్క ఉంటుంది. దాన్ని నున్నగా చేయాలి, కూర్చాలి, రంగు వేయాలి, తళతళలాడే క్రోమ్ పెట్టాలి. తూటాలు తగిలిన బొక్కలు కూడా నిజం అన్నట్టు కనబడేలాగ మనుషులే చేసినారు. తప్పు కొలత పడితే ప్రింటర్‌కు సిగ్గు ఉండదు, తప్పునే చక్కగా ప్రింట్ చేసి పెడుతుంది. తలుపు సందు ఎక్కువైంది అని చెప్పేది కన్ను. ఇక్కడ ఇంకొంచెం అరగదీయాలి అని చెప్పేది వేలు.

ఆ మూడింటిలో ఒకటి సినిమా కోసం పేలిపోయింది. ఇంకొకదాన్ని 2012 అక్టోబరులో లండన్‌లో క్రిస్టీస్ వాళ్లు వేలం వేసినారు. 61 వేల పౌండ్ల పైన పలికింది. డాలర్లలో దాదాపు లక్ష. ఉత్త ప్లాస్టిక్ పొడికి ఎవరైనా అంత ఇస్తారా? బాండ్ పేరు ఉన్నది, నిజమే. కానీ చేతిపని ముక్కు కింద పెట్టి చూసినా బొమ్మ అని తెలియనట్టు ఉండబట్టే కదా.

ఇంకో ఉదాహరణ కూడా చెప్తాను, ఇది పూర్తి సైజు కారు. 2018లో లెగో కంపెనీ వాళ్లు బుగాటి షిరాన్ అనే స్పోర్ట్స్ కారును లెగో ముక్కలతో చెక్ దేశంలోని క్లాద్నో పట్టణంలో కట్టినారు. పది లక్షలకు పైగా ముక్కలు, 2,304 చిన్న బొమ్మ మోటార్లు. బరువు ఒకటిన్నర టన్ను. మనిషి కూర్చుంటే గంటకు 20 కిలోమీటర్ల పైన నడిచింది. మన ఊరి సైకిల్ వేగం అన్నట్టు. ముక్కలన్నీ మిషన్లు పోసినవే. కానీ ఆలోచించి కట్టడానికి మనుషులు పెట్టిన సమయం 13,438 గంటలు. ఒక్క మనిషి రోజుకు ఎనిమిది గంటలు ఆదివారం కూడా ఆగకుండా చేస్తే నాలుగున్నర ఏండ్లు దాటుతుంది. నేను లెక్క చేసి చూసినాను. అనుమానం ఉంటే మీరూ చేయండి.

కార్ల కంపెనీలు కూడా కొత్త కారుకు ముందు కంప్యూటర్‌లో బొమ్మ వేస్తారు, మళ్ళీ పూర్తి సైజులో మట్టి కారు చేస్తారు. మట్టి అంటే చెరువు మట్టి కాదు, మైనం కలిసిన మట్టి. వేడి చేస్తే మెత్తగా, చల్లారితే గట్టిగా. మిషన్‌తో చెక్కినంత చెక్కించి, చివరికి చేతితో గీకి వంపులు సరిచేస్తారు. ఇన్ని కంప్యూటర్లు వచ్చినా ఆ మట్టి పని పూర్తిగా పోలేదు. ఎందుకంటే కారు వంపు మీద వెలుగు ఎట్లా జారుతదో తెరమీద చూసుడు వేరు, చుట్టూ తిరిగి చూసుడు వేరు.

మైనం అంటే నాకు ఉషేగాం గుర్తుకొస్తుంది. జైనూర్ మండలం ఉషేగాం మా మేనత్తను ఇచ్చిన ఊరికి దగ్గర. అక్కడ ఓజా వాళ్లు మా గోండుల దేవుళ్ల సామాన్లు, గంటలు, గజ్జెలు ఇత్తడితో పోస్తారు. ముందు మట్టితో లోపలి ముద్ద. దాని మీద మైనం తీగలు ఒక్కొక్కటే చుట్టి బొమ్మ చేస్తారు. మళ్ళీ పైన మట్టి. కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. దీనికి 2018లో ఆదిలాబాద్ డోక్రా పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు వినండి. డీబీ5 మోడల్‌కు వాడిన ప్లాస్టిక్ పొడిని పీఎంఎంఏ అంటారు, అక్రిలిక్ అన్నమాట. అదే పొడితో ప్రింట్ చేసిన వస్తువుకు పైన పింగాణీ లాంటి పూత వేసి, కాల్చి, ప్లాస్టిక్ మాడిపోయిన ఖాళీలో లోహం పోసి యంత్ర భాగాలు తయారు చేస్తారు. మైనం ఉన్నచోట ప్లాస్టిక్ వచ్చింది, అంతే తేడా! పోత పోసేవారు అవసరం లేదు అని అక్క రాసిన మిషన్, పోత పోసేవారి కోసమే అచ్చులు చేస్తున్నది. టీచర్ ఇది చెప్పిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా అత్త ఊరి పక్కన పొయ్యి ముందు కూర్చున్న ఓజా పెద్దమనిషికి, జర్మనీ మిషన్‌కు మధ్యన సంబంధం ఉన్నదని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆయనకు ఎవరైనా చెప్తే "మిషన్ వచ్చింది, నీ పని అయిపోయింది" అని మాత్రమే చెప్తారు. అది అబద్ధం, పైగా మనసు నొచ్చే అబద్ధం. అందుకే ముల్లు గుచ్చుకున్నది అన్నాను.

ఇక మన ల్యాబ్ విషయం. మన త్రీడీ ప్రింటర్ మీద పూల దుప్పటి కప్పి ఉంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు దానితో మూడు తాళంచెవుల బిళ్లలు చేసినారు. ఒకటి నక్షత్రం, ఒకటి ఆకు, ఇంకొకటి సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరైనా పెద్దవాళ్లు చూడడానికి వస్తే దుప్పటి తీస్తారు, పోగానే కప్పుతారు. అడిగితే "పాడైతే ఎవరు కడతారు" అంటారు. సూది 200 డిగ్రీలు వేడి అవుతుంది, చేతులు కాలుతాయి, అదీ నిజమే. కానీ మనం పెద్ద గంజులు దించుతాము, అన్నం గంజి వంచుతాము, ఊర్లో అడవికి పోయి కట్టెలు కొడతాము. వేడి అంటే ఏమిటో, పదును అంటే ఏమిటో మనకు చెప్పాలా? దుప్పటి కింద ఉన్న మిషన్ పాడవదు. అది నిజమే. దండెం మీద ఉన్న నాగలి కూడా అరిగిపోదు.

ఇంగ్లీషులో ఉంది, మీకు రాదు అని కూడా ఒకసారి విన్నాను. మోడల్ అంటేనే చెడగొట్టి నేర్చుకునేందుకు చేసే వస్తువు. అంత పెద్ద సినిమావాళ్లే అసలు కారును కాపాడుకొనుటకు మోడల్ చేసుకున్నారు. తప్పు చేస్తే పోయేది కొంచెం ప్లాస్టిక్ తీగ. ఆ తీగను కూడా మొక్కజొన్న వంటి పంటల పిండి పదార్థం నుంచి చేస్తారు. మొక్కజొన్న గురించి మనకు భయమా?

కాబట్టి నేను చెప్పేది ఏమనగా, మనం ఒక కారు చేద్దాం. డీబీ5 చేద్దాం. మూడో వంతు మన వల్ల కాదు. మన ప్రింటర్ పళ్లెం 20 సెంటీమీటర్లే. 1:3 అయితే పొడవుకు 8, వెడల్పుకు 3, ఎత్తుకు 3, మొత్తం 72 గళ్లుగా విడగొట్టాలి, టెన్త్ పరీక్షలు కూడా అయిపోతాయి. పదో వంతు చేస్తే పొడవు 46 సెంటీమీటర్లు, వెడల్పు 17, ఎత్తు 13న్నర. మూడు ముక్కల్లో పడుతుంది. "కారే ఎందుకు, ఎడ్లబండి చేయవచ్చు కదా" అని నన్ను ఒకరు అడిగినారు. ఎడ్లబండి మా తాత బాడిసతో చేస్తాడు, ప్రింటర్ అక్కర లేదు. కారు ఒంటి మీద ఒక్క గీత కూడా తిన్నగా ఉండదు. అన్నీ వంపులే. అది కష్టం, అందుకే కావాలి. ఇంకా చెప్పాలంటే, నాకు ఆ కారు నచ్చింది. ఆదివాసీ పిల్లకు ఎడ్లబండే నచ్చాలని ఎక్కడా రాసిలేదు.

పని పంచుకోవచ్చు. లెక్కలు బాగా వచ్చినవాళ్లు కొలతలు తీయాలి. కంప్యూటర్ దగ్గర ఇద్దరు. గరుకు కాగితంతో రుద్దడానికి ఓపిక ఉన్నవాళ్లు కావాలి, ఇది అన్నిటికంటే ఎక్కువ రోజులు పడుతుంది, ముందే చెప్తున్నాను. సంక్రాంతికి గోడలకు రంగులు వేసినవాళ్లు రంగు వేయాలి. తల్లిదండ్రుల సమావేశం రోజున ఉషేగాం నుంచి ఆ పెద్దమనిషిని పిలిపించి మూడు ముక్కలు చూపించాలి. సందు ఎక్కడ ఎక్కువుందో ఆయన వేలు పెట్టి చెప్తడు. మా బాపు కూడా వస్తడు. ఆయన పేరెంట్స్ రిజిస్టర్‌లో వేలిముద్ర వేసి మూలకు కూర్చుంటడు, ప్రతిసారీ అంతే. ఈసారి మూలకు కూర్చోనియ్యను, చక్రాలు ఇరుసుకు సరిగ్గా తిరుగుతున్నయా లేదా చూడమంటాను.

ల్యాబ్ తాళం శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఇవ్వాలని దరఖాస్తు రాసి పెట్టినాను. సైన్స్ టీచర్ చదివి రెండు తప్పులు దిద్దినారు, సంతకం పెట్టినారు. ప్రిన్సిపాల్ మేడం సంతకం ఇంకా కావాలి. మేడం రోజూ ప్రార్థన తర్వాత ఈ గోడ దగ్గర ఆగి చదువుతారు, అది మనకు తెలుసు.

ఈ కాగితం కింద దారం కట్టి పెన్సిల్ పెట్టినాను. కారు పనికి వచ్చేవాళ్లు పేరు, తరగతి రాయండి. ఆరో తరగతి వాళ్లు కూడా రాయవచ్చు. "యంత్రయుగం" రాసిన అక్క కోసం మొదటి గీత ఖాళీగా ఉంచినాను, ఆమె అక్షరాలు బాగుంటాయి, కారు నంబర్ ప్లేటు ఆమెనే రాయాలి. పెన్సిల్ మాత్రం ఎవరూ తెంపుకొని పోవద్దు.

— 9వ తరగతి విద్యార్థిని